ఆరు మీటర్ల సందు

పోయిన వారం కన్నికని వాళ్ళ మేనత్త కేసోన్ ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. లేస్తుంది, సందు మొదటి వరకూ నడుస్తుంది, మళ్ళీ వచ్చి అదే మెట్టు మీద కూర్చుంటుంది.

థోన్‌బురి పేటలో కాలువ దాకా పోయే ఆ సందు చివర ఎనిమిదంతస్తుల భవనం కట్టాలని ఒక కంపెనీ వచ్చింది కదా. కాలువ గట్టున ఇళ్ళున్నవాళ్ళు అప్పుడే అడ్వాన్సులు పుచ్చుకుని వేరే చోట్లు చూసుకుంటున్నారు. మిగతావాళ్ళు భవనం లేస్తే అద్దెలొస్తాయి, బేరాలు పెరుగుతాయి అని కలలు కంటున్నారు. అడ్డం ఒక్కటే. అంత భవనానికి అనుమతి రావాలంటే పెద్ద రోడ్డు మొదలుకుని స్థలం వరకూ బాట ఎక్కడా ఆరు మీటర్లకి తగ్గకూడదు. సందంతా సరిపోయింది. కేసోన్ అత్త ఆవిరి మీద తాటిపండు రొట్టెలు చేసి అమ్ముకునే పాత చెక్క ఇంటి ముందు మాత్రం ఓ మూరెడు తక్కువైంది.

మూరెడు జాగా ఇమ్మని కంపెనీవాళ్ళు అడిగారు. అత్త ఇవ్వనంది. ఎందుకు ఇవ్వవో చెప్పమంటే చెప్పలేదు. ఆ రోజు నుంచి సందుకి ఆవిడ కంట్లో నలుసైపోయింది. రొట్టెలు కొనేవాళ్ళు మానేశారు. ఇంటి ముందు దేవత గూటికి వేసిన మల్లెదండ మురిక్కాలవలో తేలింది. అది చూసిన రోజే కన్నిక, అత్తకి మాటమాత్రం చెప్పకుండా, భూముల ఆఫీసుకి వెళ్ళి సర్వేకి దరఖాస్తు పెట్టింది. చనిపోయిన తండ్రి వాటా కింద ఆ ఇంట్లో సగం ఆమెదే. కొలవనీ, అత్త హద్దు దాటలేదని అందరి ముందూ తేలనీ, అప్పుడు చూద్దాం వీళ్ళ నోళ్ళు ఎలా లేస్తాయో అనుకుంది.

సంగతి తెలిసిన అత్త సంతోషించలేదు. కన్నిక రెండు చేతులూ పట్టుకుని, "దరఖాస్తు వెనక్కి తీసేసుకోవే తల్లీ" అని బతిమాలింది. ఎందుకని అడిగితే తల తిప్పుకుంది. 

తెల్లారింది. సర్వే బండి సందులోకి మలుపు తిరిగింది.

*

బండి వెనకాలే సందంతా కదిలింది. పని మానుకున్నవాళ్ళు కొందరు, పని లేనివాళ్ళు కొందరు. ఐస్ కాఫీ బండి నోయ్ తన బండిని తోసుకుంటూ వచ్చి సరిగ్గా ఎదురుగా నిలబెట్టింది. ఆకాశం మబ్బు పట్టి, వాన పడక, గాలి ఆడక, ఒళ్ళంతా జిగటగా ఉంది. కుక్కలు కూడా ఒకచోట పడుకోలేక అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఏమ్మా కన్నికా, నిద్రపోలేదా?" అంది నోయ్, గ్లాసులో ఐసు పోస్తూ. "కళ్ళు చూడు, రొయ్యల కళ్ళలాగా ఉన్నాయి."

"నువ్వు బాగానే నిద్రపోయినట్టున్నావు అక్కా."

"నాకేం? నా బండికి చక్రాలున్నాయి. రోడ్డుకి అడ్డమంటే తోసుకుపోతా. మీ అత్త ఇంటి మెట్లకే చక్రాల్లేవు. అవి రోడ్డు మీదకొచ్చి కూర్చున్నాయి. ఇంకాస్త ఆగితే బస్సెక్కి పోయేట్టున్నాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఎదురింటి సామ్రాన్. అరవై ఏళ్ళవాడు, చెయ్యి ఊపితే సందులో మోటారు సైకిళ్ళు ఆగుతాయి. భవనం లేచాక కాపలావాళ్ళందరి మీదా పెద్దగా ఉద్యోగం ఇస్తామని కంపెనీ మాటిచ్చినప్పటి నుంచి ఇస్త్రీ చొక్కా తప్ప వేయడం లేదు. అత్త మీద జనాన్ని ఎగదోసింది ముఖ్యంగా ఆయనే.

"నవ్వకండి, నవ్వకండి," అన్నాడు సామ్రాన్ తనే నవ్వుతూ. "పిల్ల మంచి పనే చేసింది. ఇన్నాళ్ళూ మనం చెబితే వాళ్ళత్త వినలేదు. ఇవాళ సర్కారువాళ్ళే వచ్చి చెబుతారు. కన్నికా, మీ అత్తని పిలు. తన హద్దు తనే చూపించాలి కదా."

"అత్తకి ఒంట్లో బాగాలేదు బాబాయ్. నేను చూపిస్తా."

అది అబద్ధం. అత్త వెనక వంటింట్లో ఉంది. పొద్దుటి నుంచి తాటిపండు గుజ్జు పిసుకుతూనే ఉంది. కొనేవాళ్ళే లేనప్పుడు ఎవరికోసమో అంత పిండి కలుపుతోంది. కన్నిక రెండుసార్లు వెళ్ళి పిలిచింది. అత్త తలెత్తలేదు.

కంపెనీ తరఫు మనిషి విథూన్ తన కారును సందు మొదట్లోనే ఆపి నడిచి వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కనబడ్డ ముసలివాళ్ళందరికీ నమస్కారం పెడుతూ వచ్చాడు. కన్నిక ముందు ఆగి ఇంకాస్త వంగి పెట్టాడు. 

"కన్నికగారూ, మీరు ధైర్యవంతులు," అన్నాడు.

ఆ మెప్పు ఆమె వీపు మీద చల్లటి నీళ్ళు చల్లినట్టయింది. ఇతనెందుకు సంతోషిస్తున్నాడు?

*

సర్వే బృందానికి పెద్ద రచనీ అనే ఆవిడ. తలకి టోపీ, మెడ చుట్టూ తువ్వాలు. ఎవరి కాఫీ తాగలేదు, ఎవరితో కబుర్లాడలేదు. జిల్లా ఆఫీసు నుంచి బాట వెడల్పు చూడ్డానికి వచ్చిన ఇంకో ఉద్యోగి ఆమె పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పరికరాన్ని మూడు కాళ్ళ మీద నిలబెట్టి, ముందుగా కేసోన్ అత్త ఇంటి మూల హద్దు రాయి వెతికారు. అది మెట్ల పక్కన, వాన నీళ్ళ జాడీ కింద దొరికింది. జాడీ జరిపి మట్టి గోకితే రాయి మీద అంకె కూడా చెక్కుచెదరకుండా ఉంది.

రచనీ నేల మీద ఎర్రరంగుతో గీత గీసింది. అందరూ మెడలు చాచారు. 

మెట్లు గీతకి లోపలే ఉన్నాయి. జానెడు చోటు మిగిలింది కూడా.

"ఈ ఇల్లు హద్దులోనే ఉంది," అంది రచనీ మామూలుగా. "ఒక్క అంగుళం కూడా ముందుకి రాలేదు."

కన్నిక ఎన్ని రోజులుగానో కడుపులో పట్టుకున్న మాట అది. చుట్టూ చూసింది, ఎవరైనా తన కళ్ళలోకి చూస్తారేమోనని. నోయ్ ఐసు గడ్డ వైపు చూస్తోంది. సామ్రాన్ గడ్డం గోక్కుంటున్నాడు. 

"వినబడిందా అక్కా? మా మెట్లు బస్సెక్కలేదు," అంది కన్నిక. గొంతు తను అనుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది.

"వినబడిందిలే," అని గొణిగింది నోయ్. ఆ తర్వాత ఏదో ఆలోచించుకున్నట్టు, "మరి తగ్గింది ఎటు నుంచి?" అంది.

ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండేది. ఒకరి తర్వాత ఒకరుగా తలలు ఇటు నుంచి అటు తిరిగాయి. ఎదురుగా సామ్రాన్ ఇల్లు. నీలం టైల్స్ అంటించిన ముందు గోడ. గోడకి చిన్న కిటికీ. కిటికీకి గులాబీ రంగు తెర. తెర వెనక ఆయన తల్లి లమై అవ్వ గది.

రచనీ అప్పటికే పరికరాన్ని అటు తిప్పేసింది. ఏవో అంకెలు చూసింది, తల అడ్డంగా ఊపింది, మళ్ళీ చూసింది. 

"ఇటు వైపు హద్దు రాయి ఎక్కడుంది?" అని అడిగింది సామ్రాన్‌ని.

"ఉంటుంది, గోడ కిందే ఎక్కడో. మా నాన్న కట్టిన ఇల్లు. ఆయన మేస్త్రీ. కొలతలు తప్పే మనిషి కాదు."

"గోడ కింద లేదండీ. లోపలుంది."

"లోపలంటే?"

"గదిలో."

సామ్రాన్ పకపకా నవ్వాడు. "ఈ ఉక్కకి మీ మిషనుకి తల తిరిగిందమ్మా. రండి, రండి. అందరూ రండి. మా ఇంట్లో దాచుకునేదేం లేదు. మీరే చూసుకోండి."

ఆ నవ్వులో దొంగతనం లేదు. కన్నికకి అది స్పష్టంగా తెలిసింది. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. అందుకే ఆమెకి భయం మొదలైంది.

*

గదిలో ఏళ్ళ తరబడి పేరుకున్న కర్పూరం వాసన, మందుల వాసన. మంచం మీద లమై అవ్వ, పక్షవాతం తర్వాత ఎడమ పక్క కదలని మనిషి, గోడకి ఆనించిన దిండు మీద తల పెట్టుకుని వచ్చినవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది. రచనీ చెప్పులు బయట విప్పి, అవ్వకి నమస్కారం పెట్టి, నేల మీద కొలత టేపు పరిచింది. మంచం కాళ్ళ దగ్గర ఒక టైల్ మీద ఎర్ర చుక్క పెట్టింది.

"ఇక్కడ."

"ఇక్కడా?" సామ్రాన్ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. గబగబా వెళ్ళి గునపం తెచ్చాడు. "ఒక్క టైలే కదా పోతే. తీస్తా. ఏం లేకపోతే ఈ అమ్మగారి ఆఫీసువాళ్ళే కొత్తది వేయించాలి, సరేనా?"

కిటికీలోంచి చూస్తున్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. సామ్రాన్ టైల్ అంచులో గునపం దూర్చి ఎత్తాడు. టైల్ రెండు ముక్కలైంది. కింద పాత గచ్చు. ఇంకో దెబ్బ వేశాడు. గచ్చు పెచ్చులా లేచింది. 

కింద రాయి తల కనబడింది. మట్టి తుడిస్తే అంకె కూడా కనబడింది. రచనీ తన కాగితంలో అంకెతో పోల్చి చూసింది. అదే అన్నట్టు తల ఊపింది.

ఎవరూ నవ్వలేదు. సామ్రాన్ గునపం పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. రాయికి ఇటు పక్క తలుపు, అల్మారా. అటు పక్క కిటికీ, గోడ, మంచం, మంచం మీద తల్లి. అంటే తల్లి పడుకున్న సగం గది సందులో ఉంది. ఇన్నేళ్ళుగా ఆవిడ బాట మీద పడుకుని ఉంది.

"కేసోన్ ఏది?" అంది లమై అవ్వ. మాట ముద్దగా వచ్చింది కానీ అందరికీ వినబడింది. 

అవ్వ కళ్ళు కన్నిక మీద ఆగాయి. "నువ్వు తెచ్చావా వీళ్ళని?"

కన్నిక తల వంచుకుంది.

*

బయటికి వచ్చేసరికి సందు మాట మార్చేసింది. నిన్నటి దాకా "కేసోన్ మొండిది" అన్న నోళ్ళే ఇప్పుడు "అయితే అడ్డం సామ్రాన్ ఇల్లన్నమాట" అంటున్నాయి. క్షమించమని ఒక్కరూ అనలేదు. కాలువ గట్టు మనిషి ఒకడు, "పోన్లే, ఒకందుకు మంచిదే. సర్కారు జాగా అయితే ఎవరినీ బతిమాలక్కర్లేదు కదా" అన్నాడు. ఇంకొకడు, "ముసలావిడని లోపలి గదిలోకి మారిస్తే సరి" అన్నాడు. సామ్రాన్ ఇంట్లో లోపల ఖాళీ గది లేదని, మిగిలిన ఒక్క గదిలో ఆయన, భార్య, కూతురు, కూతురి కూతురు పడుకుంటారని వాడికి తెలీక కాదు.

జిల్లా ఉద్యోగి గొడుగు మడిచి చెప్పాడు, "బాట స్థలం ఎన్నేళ్ళు వాడుకున్నా ఎవరి సొంతమూ కాదు. నోటీసు వస్తుంది. గడువు ఇస్తాం. ఈలోగా మీరే తీసేసుకుంటే మర్యాద."

కన్నిక రచనీ చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "అక్కా, దరఖాస్తు నాదే. నేనే పెట్టాను. వెనక్కి తీసేసుకుంటా. ఇదేదీ జరగలేదనుకోండి."

రచనీ కాస్త జాలిగానే చూసింది. "కొలవమని అడగడం మీ ఇష్టం చెల్లెమ్మా. కనబడ్డదాన్ని కనబడనట్టు చేయడం నా చేతిలో లేదు. నాతో పాటు ఇంతమంది చూశారు." 

పక్క నుంచి విథూన్ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. అతని చేతిలో రెండు కాఫీలు. ఒకటి ఆమెకి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"మీకు ముందే తెలుసా?" అంది కన్నిక.

"తెలుసు అనను. అనుమానం ఉండేది." అతను గొంతు తగ్గించాడు. "మేం ఫిర్యాదు చేస్తే బాగుండదు కదా. ముసలావిడని కంపెనీ రోడ్డున పడేసిందని టీవీలో వస్తుంది. సందులో మనిషే అడిగితే వేరు. అందుకే మిమ్మల్ని ధైర్యవంతులన్నాను."

"మీకు కావలసింది మూరెడే కదా. గోడ మూరెడు లోపలికి జరిపితే చాలదా? మంచానికి చోటుంటుంది."

"మాకు మూరెడు చాలు. చట్టానికి చాలదు. ఎక్కినదంతా దిగాలి." అతను నిజంగా బాధపడుతున్నట్టే అన్నాడు. "ఆవిడకి మంచి వృద్ధాశ్రమం చూస్తాం. ఖర్చు మాది. సామ్రాన్‌గారి ఉద్యోగం కూడా అలాగే ఉంటుంది."

సామ్రాన్ ఆ మాట విన్నాడు. ఇంటి గుమ్మంలోంచి రెండంగల్లో వచ్చాడు. విథూన్‌ని ఏమీ అనలేదు. కన్నిక ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నుంచి మోకాళ్ళ దాకా గచ్చు పొడి.

"మీ అత్తని కాపాడుకోడానికి మా అమ్మని రోడ్డు మీద పడేశావు కదే," అన్నాడు. 

"నాకు తెలీదు బాబాయ్."

"మీ అత్తని నేను నానా మాటలూ అన్నాను. ఒప్పుకుంటా. నువ్వు వచ్చి నన్ను నాలుగు తన్నాల్సింది. చెప్పుతో కొట్టాల్సింది. పడుకున్న మనిషి మంచం కింద తవ్వుతావా?"

తవ్వింది మీరే బాబాయ్ అని ఆమె నోటి చివరిదాకా వచ్చింది. ఆగిపోయింది. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

*

వంటింట్లో ఆవిరి కమ్ముకుని ఉంది. అరిటాకు దొన్నెల్లో పోసిన పిండి పొంగి, పసుపు పచ్చగా పగిలి, తాటిపండు వాసన ఇల్లంతా నిండింది. కేసోన్ అత్త కొబ్బరి తురుము చల్లుతోంది. కన్నిక గుమ్మంలో నిలబడింది. చెప్పక్కర్లేకపోయింది.

"దొరికిందా రాయి?" అంది అత్త.

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"దాని మీద గచ్చు పోసినప్పటి నుంచి."

కన్నిక నేల మీద కూలబడింది. కూర్చోలేక మళ్ళీ లేచింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. "అత్తా, ఊరంతా నీ మొహాన ఉమ్మేస్తుంటే నోరు విప్పలేదేం? ఒక్క మాట. ఎదురింటి గోడ చూడండి అని ఒక్క మాట. ఆ సామ్రాన్ బాబాయ్ నిన్ను ఏమేం అన్నాడో నేను విన్నాను. నీకు చీమూ నెత్తురూ లేవా?"

"అరవకు. పొయ్యి మీద రొట్టె కుంగిపోతుంది."

"అత్తా!"

అత్త గిన్నె పక్కన పెట్టింది. చేతుల నిండా పసుపు గుజ్జు. వాటిని తుడుచుకోకుండానే మాట్లాడింది. 

"ఆ గది నాకోసం కట్టారే."

కన్నిక కదలడం మానేసింది.

"మీ నాన్న అప్పుడు సైన్యంలో, ఎక్కడో సరిహద్దులో. నువ్వింకా పుట్టలేదు. నాకు ఏడో నెల. ఆ ఏడు కాలవ పొంగి మన ఇంట్లో మోకాళ్ళ దాకా నీళ్ళు. మీ మావయ్య సరుకు పడవ మీద వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు, తిరిగి రాలేదు. ఆ నీళ్ళలోనే నాకు నొప్పులొచ్చాయి. పిల్లాడు దక్కలేదు. జ్వరం పట్టుకుంది. లమై అమ్మ నన్ను ఎత్తుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది. ఎక్కడ పడుకోబెడుతుంది? అప్పటికే ఒక్క గదిలో ఏడుగురు. బాలింతని, పిల్లాడు లేని బాలింతని, నలుగురు పిల్లల మధ్య పడుకోబెట్టలేక ఆవిడ ఏడ్చింది. నాకోసం ఏడ్చింది." అత్త పొయ్యి మంట తగ్గించింది. "వాళ్ళాయన చోమ్ మేస్త్రీ పైకి చూశాడు, కిందికి చూశాడు. గోడ తీసి ముందుకి జరిపాడు. అప్పుడు ఈ సందు సందా? బురద, బురద మీద నాలుగు చెక్కలు. హద్దు రాయి ఉందిరా అని ఎవరో అన్నారు. 'ముందు ఈ పిల్లని బతకనీండి, సందు ఎక్కడికీ పోదు' అన్నాడు. దాని మీద గచ్చు పోశాడు."

"సామ్రాన్ బాబాయ్‌కి తెలీదా?"

"వాడు తైవాన్‌లో ఉన్నాడు, ఫ్యాక్టరీ పనికి పోయి. తిరిగొచ్చేసరికి గది ఉంది. నేను మళ్ళీ మన ఇంటికొచ్చేశాను. ఇల్లు పెంచుకున్నారనుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అదేమంత గొప్ప సంగతని?" అత్త ఆవిరి గిన్నె మీద మూత సరిచేసింది. "ఇవాళ నన్ను తిట్టేవాళ్ళ తల్లులే ఆ ఇటుకలు మోశారు కన్నికా. నోయ్ వాళ్ళమ్మ సిమెంటు కలిపింది. వాళ్ళెవరూ లేరిప్పుడు. నేనూ లమై అమ్మా మిగిలాం."

"అందుకే అందరూ మన మెట్లే అడ్డం అంటుంటే ఊరుకున్నావా?"

"ఆ కంపెనీ కుర్రాడు మొదటిసారి టేపు పట్టుకుని వచ్చినప్పుడు ఇటూ అటూ చూశాడు. వాడు అటు తిరిగేలోగా, నా ఇంటి దగ్గరే తక్కువ నాయనా, నేను ఇవ్వను, పో అన్నాను. నా వైపు చూస్తున్నంతసేపూ ఆ కిటికీ వైపు చూడరు కదా."

"నాకు చెప్పాల్సింది."

"నీకా?" అత్త నవ్వబోయి నవ్వలేకపోయింది. "నీకు నిజం కడుపులో ఆగుతుందా? అన్యాయం అంటూ నలుగురిలోకీ పోయేదానివి. పోయావు కూడా. నా మీద ప్రేమతోనే పోయావు. అది నాకు తెలీదా?"

ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. కన్నిక అత్త పక్కకి వెళ్ళి, ఏం చేయాలో తెలీక, కొబ్బరి గిన్నె చేతిలోకి తీసుకుంది. గిన్నె జారి తురుమంతా నేల పాలైంది. జిల్లా ఆఫీసుకి వెళ్ళాలి. ఎవరో ఒక లాయరుని పట్టుకోవాలి. లేదంటే విథూన్ కాళ్ళ మీదైనా పడాలి. తన మెట్లు, తన వాటా జాగా కంపెనీకి ఇచ్చేస్తానంటే? ఇటు నుంచి మూరెడు ఇస్తే అటు గోడ జోలికి పోరేమో? ఒక ఆలోచన పూర్తవకుండానే ఇంకోటి వచ్చి దాన్ని తోసేస్తోంది.

"అత్తా, మన మెట్లు ఇచ్చేస్తే..."

ధన్‌మని చప్పుడు. వంటింటి కుండలో నీళ్ళు వణికాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ ధన్‌మంది.

*

సామ్రాన్ ఇస్త్రీ చొక్కా విప్పి కాఫీ బండి మీద విసిరేశాడు. సమ్మెట రెండు చేతులా ఎత్తి, నీలం గోడ మూలన పైకప్పు దాకా లేచిన టైల్స్ దిమ్మె మీద వేస్తున్నాడు. టైల్ ముక్కలు ఎగిరి సందంతా పడుతున్నాయి. 

"గడువెందుకు? నోటీసెందుకు? ఇదిగో, తీసేస్తున్నా! చూసుకోండి మీ బాట! పట్టుకుపొండి!"

"సామ్రాన్‌గారూ, ఆగండి, అలా కాదు," అంటున్నాడు విథూన్, దగ్గరికి పోకుండా. సామ్రాన్ భార్య నెత్తి కొట్టుకుంటూ అరుస్తోంది. దిమ్మె అలంకారానికి పెట్టిందే, గోడకి దానితో పని లేదు అని ఎవరో పక్కవాడికి చెబుతున్నారు. సామ్రాన్ కూడా అలాగే అనుకుని ఉంటాడు, లేకపోతే తల్లి లోపల ఉండగా సమ్మెట ఎత్తేవాడా?

కేసోన్ అత్త మెట్లు దిగడం కన్నిక చూసింది. ఆ సందులోకి అత్త పగటిపూట దిగి ఎన్నాళ్ళయిందో. తాటిపండు గుజ్జు చేతులతోనే జనాన్ని తోసుకుంటూ పోతోంది. మొహంలో రక్తం లేదు.

"కన్నికా! లోపలికి పో! అమ్మని ఇవతలికి లాగు! దూలం ఆ దిమ్మె మీదే పెట్టాడు చోమ్ మేస్త్రీ!"

కన్నిక పరుగెత్తింది. గదిలో దుమ్ము. అవ్వ కుడిచేత్తో కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని ఉంది. కన్నిక మంచం కాలు పట్టుకుని లాగింది. పగిలిన టైల్ గుంటలో, ఆ హద్దు రాయికే, మంచం కాలు తట్టుకుని ఆగిపోయింది. 

"అవ్వా, చువ్వ వదులు. నిన్ను ఎత్తుకుంటా."

"వాణ్ణి ఆపమను ముందు. చేతులు బొబ్బలెక్కుతాయి."

బయట సమ్మెట ఇంకోసారి లేచింది. పడింది. తెర ఊగింది. అప్పుడు వినబడింది అత్త గొంతు. ఇన్ని నెలలుగా ఎవరికీ ఎదురు చెప్పని గొంతు సందు చివర కాలవ దాకా వినబడేలా లేచింది.

"సామ్రాన్! ఆ గోడ మీ ఇంటిది కాదురా! నాది! నాకోసం మీ నాన్న కట్టింది! ఇంకో దెబ్బ వేశావంటే నా తల మీద వెయ్యి!"

సమ్మెట ఆగిపోయింది. సందంతా ఆగిపోయింది.  

"ఏమన్నావు కేసోనక్కా?" అన్నాడు సామ్రాన్, చిన్నపిల్లాడిలాగా. సమ్మెట నేల మీద పడేసిన మోత.

కన్నిక అవ్వ నడుం కింద చెయ్యి వేసి, మెడ వెనక ఇంకో చెయ్యి వేసి, ఎత్తబోయింది. అవ్వ చువ్వ వదల్లేదు. పైకి, దూలం వైపు చూస్తోంది. దోమతెర మీద సన్నగా, పిండి జల్లించినట్టు, తెల్లటి పొడి రాలుతోంది.

"వాడు కొట్టడం ఆపేశాడు కదే," అంది లమై అవ్వ మెల్లిగా. "మరి ఈ చప్పుడేంటి?"